సగం మాట

మా ఆయన చావాలనుకుంటున్నాడని అందరికీ చెప్పింది నేనే. అందరికీ అంటే చాటింపు వేయించానని కాదు. ఆసుపత్రి గుమాస్తాకి చెప్పాను, మా అత్తకి చెప్పాను, పొరుగింటి ఫిదెలీనాకి చెప్పాను. ఫిదెలీనాకి చెప్పాక వేరే చాటింపు అక్కర్లేదు, కొండ కింద పాలలారీ తోలేవాడికి కూడా తెలిసిపోయింది.

ఆ యేడు వానలు అక్టోబరులో దిగి డిసెంబరు దాకా కదల్లేదు. మా కొండ మీద మోరా కాపు కూడా సరిగ్గా అప్పుడే. ముళ్ళతీగ అది. పండు నలుపు తిరిగిన రోజే కోయాలి. మర్నాటికి మెత్తబడుతుంది, మూడోనాటికి బూజు పడుతుంది, ఆ బూజు పక్క గుత్తికి, పక్క తీగకి పాకి చూస్తుండగానే తోటంతా తినేస్తుంది. వారానికి రెండు కోతలు తప్పవు. ఏటా వచ్చే కోతవాళ్ళు ఆసారి కాఫీ కోతలని లోయల్లోకి దిగిపోయారు. తోటకి మిగిలింది నేనొక్కదాన్ని. నేనేమో ఇల్లు వదిలి అరగంట బయట ఉండలేని దాన్ని.

ఇంట్లో ఎలియేసర్ ఉన్నాడు. మూడేళ్ళలో ఒళ్ళు కొంచెం కొంచెంగా ఆయన మాట వినడం మానేసింది. ముందు కొమ్మలు కత్తిరించే చెయ్యి, తర్వాత రెండో చెయ్యి, కాళ్ళు, నాలుక, చివరికి మింగుడు కూడా. మిగిలినవి కళ్ళు. పొట్టలోకి గొట్టం వేసి గంజి పోయాలి, రెండు గంటలకోసారి పక్క మార్చాలి, గొంతులో కఫం పేరుకుంటే మిషనుతో లాగాలి. ఆలస్యమైతే మొహం నల్లబడేది. నేను పడుకున్నా చెవులు పడుకునేవి కావు. గురకలో చిన్న తేడా వస్తే లేచి కూర్చునేదాన్ని.

ఆయన మాట్లాడేది పలక మీద. పళ్ళపెట్టె మూత ఒకటి ఊడదీసి దాని మీద నల్లరంగుతో అక్షరాలు రాశాను. పై వరుసలో అయిదు అచ్చులు: ఆ, ఏ, ఈ, ఓ, ఊ. కింద నాలుగు వరుసలు హల్లులు. నేను వేలు పెట్టి వరుసలు దిగుతూ వస్తాను, కావలసిన వరుస రాగానే కళ్ళు ఒకసారి మూస్తాడు. ఆ వరుసలో అక్షరాల మీదుగా వేలు పోనిస్తాను, మళ్ళీ మూస్తాడు. కళ్ళు మూస్తే అవును. కాదనాలంటే కిటికీ వైపు చూస్తాడు. మా అత్తకి చదువు రాదు, ఫిదెలీనాకి ఓపిక లేదు. ఆయన నోరు నేనే.

ఆ పనిలో నాకు మహా పేరు. రెండక్షరాలు పడగానే మాట పట్టేసేదాన్ని. "నీళ్ళా? దుప్పటా? కాలు తిమ్మిరెక్కిందా?" అని అడిగితే కళ్ళు మూసేవాడు. "అబ్బో, ఈ నూబియా చూడండి, సగం మాటకే కథంతా అల్లేస్తుంది," అని ఫిదెలీనా నలుగురిలో చెప్పేది. నేనూ ఉబ్బిపోయేదాన్ని. ఏం చేయను, ఆ ఇంట్లో నన్ను మెచ్చుకోవడానికి ఇంకేం మిగిలి ఉంది గనక!

ఫిదెలీనా మధ్యాహ్నాలు మా వంటింట్లో చేరేది. రెండింటికి రేడియోలో ఉత్తరాలు చదివే కార్యక్రమం వచ్చేది, దానికోసం. ఆ రోజు చదివింది ఎక్కడో పెద్ద ఊళ్ళో ఒకమ్మాయి రాసిన ఉత్తరం. వాళ్ళక్క బడిపంతులమ్మ. ఎలియేసర్ జబ్బే ఆవిడకీను. నాలుగేళ్ళు మంచంలో ఉండి, చట్టం ఒప్పుకుంటుంది గనక, ఇక చాలని తనే డాక్టర్లకి అర్జీ పెట్టుకుని తనవాళ్ళ మధ్య కన్నుమూసిందట. ఉత్తరం అయ్యాక ఫోన్లు మొదలయ్యాయి. ఒకడు ధైర్యమన్నాడు, ఒకామె పాపమంది, ఇంకొకాయన ఆ కుటుంబానికి ఇప్పటికైనా విశ్రాంతి దొరికిందన్నాడు.

"ఏం గుండె ధైర్యమమ్మా ఆవిడది!" అంది ఫిదెలీనా కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "ఇంట్లోవాళ్ళకి భారమవడం ఎందుకని తనే తప్పుకుంది. దేవతే, దేవత."

"దేవతలు డాక్టర్లకి అర్జీలు పెట్టుకోరే," అంది మా అత్త బార్బరా జపమాల పూసలు తిప్పుతూనే. "పైవాడు పిలిచేదాకా కూర్చోవాల. వాడికి తెలీదా ఎప్పుడు పిలవాలో?"

"పైవాడు నీ కొడుకుని పిలిచేలోగా నీ కోడలు పోద్ది పిన్నీ. దాని మొహం చూశావా అసలు? నలభై ఆరేళ్ళకి అరవై దానిలాగుంది. ఏవే నూబియా, తల దువ్వుకుని ఎన్నాళ్ళయిందే?"

"తల ఉందో లేదో చూసుకుని కూడా చాన్నాళ్ళయింది వదినా," అన్నాను. బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాను. ఎవరూ అడక్కుండానే నా నోట్లోంచి ఇంకో మాట వచ్చింది. "మంచి పనే చేసింది ఆవిడ."

వంటింటికి, ఆయన మంచానికి మధ్య తలుపు కూడా లేదు, గుడ్డ పరదా ఒకటి. మాట్లాడలేని మనిషికి వినపడదని ఎవరు చెప్పారో మాకు! ఆయన ముందే ఆయన గురించి మాట్లాడటం మాకు ఎప్పుడో అలవాటైపోయింది.

రెండు రోజులు పోయాక, పొద్దున ఒళ్ళు తుడుస్తుంటే ఆయన పలక వైపు చూడటం మొదలుపెట్టాడు. గుచ్చి గుచ్చి చూస్తున్నాడు. సరే అని తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. మూడో వరుస దగ్గర కళ్ళు మూశాడు. మ. తర్వాత పై వరుసలో ఓ. తర్వాత ర.

మోర్.

చావడాన్ని మా భాషలో మోరిర్ అంటారు. నా వేలు మళ్ళీ పై వరుస మీదికి వెళ్ళాలి. వెళ్ళలేదు. రేడియో ఆవిడ, ఫోన్లు చేసినవాళ్ళు, నేనన్న మాట, అన్నీ ఒక్కసారి గుండెల మీద కూర్చున్నాయి. విన్నాడు. విని, రెండు రోజులు ఆలోచించుకుని, ఇప్పుడు నాకు చెబుతున్నాడు.

"చాలండీ," అన్నాను. "అర్థమైంది. ఇంక చెప్పొద్దు."

కిటికీ వైపు చూశాడు. నా మొహం చూడలేక కళ్ళు తిప్పుకున్నాడనుకున్నాను.

మర్నాడు మళ్ళీ పలక అడిగాడు. మళ్ళీ అవే మూడక్షరాలు. "తెలుసండీ, తెలుసు, ఏదో ఒకటి చేస్తాను, నన్ను చంపకండి," అన్నాను. మళ్ళీ కిటికీ. ఆ పై రోజు కూడా అంతే. నాలుగో రోజు పలక తీసుకెళ్ళి పిండిడబ్బా వెనక దాచేశాను. ఆయన గోడ మీద అది తగిలించే మేకు వైపు చూస్తూ ఉండిపోయాడు.

గొడ్లపాకలోకి పోయి ఏడ్చాను. దాచేదేముంది, అది మూడొంతులు దుఃఖం, ఒక వంతు వేరే. ఆవు పొదుగు దగ్గర కూర్చుని, ముక్కు కారుతుండగానే, నా పాపిష్టి మనసు అనుకుంది గదా: అదంతా అయ్యాక, తలుపు గడియ పెట్టుకుని, వెల్లకిలా పడుకుని, ఎనిమిది గంటలు నిద్రపోతాను. ఎవరి గురకా వినక్కర్లేదు. అలా అనుకున్నందుకు నన్ను నేనే చెంపలు వాయించుకున్నాను. వాయించుకున్నా ఆ ఊహ పోలేదు.

మరుసటి సోమవారం ఫిదెలీనాని మంచం దగ్గర కూర్చోబెట్టి, పాలలారీ ఎక్కి ఊళ్ళోకి దిగాను. ఎందుకో చెప్పకపోతే కూర్చోదు మరి. చెప్పాను. "అయ్యో నా తల్లీ," అని కౌగలించుకుంది. "బాధపడకు. ఆయన మంచోడు గనక అడిగాడు." ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. మంచివాళ్ళు అడుగుతారు, అయితే అడగనివాళ్ళు?

ఆసుపత్రి కిటికీ వెనక గుమాస్తాకి నేను కొత్తేం కాదు. ఇంటికొచ్చి చూసుకునే నర్సు కావాలని పదకొండు నెలల కింద అర్జీ పెట్టాను. ఎప్పుడు వెళ్ళినా "పరిశీలనలో ఉందమ్మా" అనేవాడు.

"పరిశీలనలో ఉందమ్మా," అన్నాడు నన్ను చూడగానే.

"దాని కోసం కాదు బాబూ."

"మరి?"

వెనక క్యూలో ఆరుగురున్నారు. నేను కిటికీలోకి తల దూర్చి, గొంతు తగ్గించి చెప్పాను. అతను రాస్తున్న కలం ఆపేశాడు. లేచి లోపలికెళ్ళి, నాకు కుర్చీ తెచ్చి వేశాడు. పదకొండు నెలల్లో నాకు ఎవరూ కుర్చీ వెయ్యలేదు.

"ఇది ఆయన సొంతంగా అడిగిందేనా?" అన్నాడు.

"అవును."

"మాట్లాడతారా?"

"పలక మీద చెబుతాడు. నాకు చెప్పాడు."

"డాక్టరు ఇంటికొచ్చి ఆయన్నే అడుగుతుందమ్మా. మీ మాట చాలదు."

పన్నెండో రోజుకి జీపు పంపిస్తున్నామని కబురొచ్చింది. నర్సు కోసం పదకొండు నెలలు, దీనికి పన్నెండు రోజులు. నవ్వాలో ఏడవాలో తెలియక, ఆ కబురు తెచ్చిన లారీవాడికి ఇంత బెల్లంనీళ్ళు కాచి ఇచ్చాను.

జీపొచ్చే రోజు పొద్దున మా అత్త వంటింట్లో చిక్కుళ్ళు ఒలుస్తోంది. కీళ్ళు వంకర్లు పోయిన వేళ్ళు ఆవిడవి, ఒక్కో కాయకీ ఒక జపం పట్టేది.

"ఆ జీపు ఎందుకొస్తందే?" అంది తలెత్తకుండా.

ఫిదెలీనా ఆ పాటికి చెప్పేసి ఉంటుందని తెలుసు. అయినా నా నోటితో చెప్పించాలని ముసలిదాని పట్టు. చెప్పాను.

చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. "నీకేనా, చెప్పింది?"

"నాకే."

"మాట మొత్తం చెప్పాడా?"

బయట చూరు మీంచి నీళ్ళు పడుతున్నాయి. నేను పొయ్యిలోకి కట్టె తోశాను. "చెప్పాడు," అన్నాను. అది అబద్ధమని నాకు ఆ క్షణంలోనే తెలుసు. మూడక్షరాలే చెప్పాడని అనడానికి నోరు రాలేదు.

అత్త తిడుతుందనుకున్నాను, శాపనార్థాలు పెడుతుందనుకున్నాను. చూస్తే గడ్డం వణుకుతోంది.

"రెండేళ్ళ నుంచీ దేవమాతని నేను అడిగేది అదేనే పిల్లా," అంది. "నాకంటే ముందు వాణ్ణి తీసుకుపొమ్మని. నేను పోతే నువ్వొక్కదానివీ ఎట్టా మోస్తావని. కన్నతల్లిని, ఈ నోటితోనే. ఫాదరుగారికి కూడా చెప్పలా. ఆయనకేం చెప్పను, నా కొడుకు చావు కోసం జపం చేస్తన్నానని చెప్పనా?"

లేచి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను. ఇద్దరం ఏడవలేదు. మిగిలిన చిక్కుళ్ళు ఇద్దరం కలిసి ఒలిచాం.

డాక్టరు పేరు యాదిరా. సముద్రం పక్క ఊళ్ళ మనిషి, గొంతు పెద్దది, బట్టలు పల్చన. జీపు దిగేసరికి చలికి దవడలు కొట్టుకుంటున్నాయి. మా అత్త తన ఉన్ని కప్పు తీసి ఆవిడ భుజాల మీద వేసింది, కొడుకుని చంపడానికి వచ్చిందో బతికించడానికి వచ్చిందో తెలియకుండానే.

"ఎక్కడాయన?" అంది బెల్లంనీళ్ళు ఊదుకుంటూ. వెళ్ళి మంచం పక్కన కూర్చుంది. నాతో కాదు, ఆయనతోనే మొదలుపెట్టింది. "అయ్యా, నా పేరు యాదిరా. నేను తొందరపడే మనిషిని కాదు, జీపువాడు పడతాడు గానీ. మీరు ఎలా మాట్లాడతారో నాకు నేర్పండి."

ఎలియేసర్ గోడ మీద మేకు వైపు చూశాడు. ఆవిడా చూసింది. ఖాళీ మేకు. తర్వాత నన్ను చూసింది.

పిండిడబ్బా వెనక నుంచి పలక తెచ్చాను. చెంగుతో పిండి దులిపాను. ఎలా వాడాలో చూపించి, "నేను చదివి చెబుతాను డాక్టరమ్మా, నాకైతే రెండక్షరాలకే తెలిసిపోతుంది, మీకు పొద్దుపోతుంది," అన్నాను.

"మీరు బయట కూర్చోండి."

"నేను లేకపోతే ఎలా?"

"ఈ మాటలో అక్షరం ఎవరూ ఊహించకూడదమ్మా. ఎంతసేపైనా సరే. గొంతులో ఇబ్బందైతే పిలుస్తాను."

బయట వసారాలో కూర్చున్నాం, అత్తా నేనూ. లోపలి నుంచి ఆవిడ గొంతు మాత్రం వినపడుతోంది. "ఈ వరుసా? ఇదా? ఇదా? ఆఁ, ఇది." మళ్ళీ మొదటి నుంచి. ఒక్కో మాటకి ఎంతసేపు! నాకు కాళ్ళు నిలవలేదు. లేచి తొంగి చూడబోతే అత్త నా చెంగు పట్టుకు లాగింది.

"కూర్చోవే. వాణ్ణి చెప్పుకోనీ."

ఎదురుగా తోట. ఆ నెలలో నేను దాన్ని సరిగ్గా చూసింది అప్పుడే. తీగలు బరువుకి నేల మీద పడిపోయాయి. పై గట్టున పళ్ళన్నీ బూడిద కప్పుకుని ఉన్నాయి. వాన తగ్గిన గాలికి పులిసిన వాసన వస్తోంది. పాడైతే అవనీ అనుకున్నాను. ఇంకెవరి కోసం ఈ తోట?

మధ్యలో ఒకసారి కఫం లాగడానికి పిలిచారు. లాగుతున్నంతసేపూ ఆయన నన్ను చూడలేదు. డాక్టరు పుస్తకం మూసి పట్టుకుంది. నేను మళ్ళీ బయటికొచ్చాను.

రెండు గంటలు దాటాక యాదిరా వసారాలోకి వచ్చింది. నా పక్కన అరుగు మీద కూర్చుని పుస్తకం తెరిచింది.

"మీవారు ఎన్నాళ్ళ నుంచి ఇది చెప్పాలని చూస్తున్నారో తెలుసా? మొట్టమొదట చెప్పిందే ఇది. ఒక్కో అక్షరం ఎలా చెప్తే అలా రాశాను." వేలు పెట్టి చదివింది. "మోరా కుళ్ళిపోతోంది. కోయండి. పై గట్టు మూడో వరుసలో బూజు. అవి పీకెయ్యండి."

నాకు ఏమీ అర్థం కాలేదు. అంటే మాటలు అర్థమయ్యాయి, లోపలికి దిగలేదు.

"మోరా," అన్నాను.

"ఆఁ. మోరా. కిటికీలోంచి కనిపిస్తోంది గదా ఆయనకి."

మ. ఓ. ర. ఆ తర్వాత పై వరుస. ఆ వరుసలో మొదటి గడిలో 'ఆ'. నా వేలు ఒక్క గడి మీద, ఒకే ఒక్క గడి మీద పెట్టి ఉంటే కళ్ళు మూసేవాడు. 'ఈ' అక్షరం దాకా పోనక్కర్లేదు, చావు దాకా పోనక్కర్లేదు. కిటికీ వైపు చూశాడు గదా! కాదు, కాదు, కాదు అని మూడు రోజులు చెప్పాడు గదా! మూడేళ్ళ నుంచి ఆ సైగ చదువుతున్నదాన్ని నేనే గదా!

"నేను..." అన్నాను. "మూడక్షరాలకే ఆపేశాను డాక్టరమ్మా."

"ఎందుకని?"

"తెలిసిపోయిందనుకున్నాను." ఆ పైన అనకపోయినా పోయేది, కానీ అనేశాను. "ఆ మాట నా మనసులో ముందే ఉంది."

ఆవిడ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. అత్త పూసలు ఆపి నా వైపు చూసింది. 'మాట మొత్తం చెప్పాడా' అన్నది ఇద్దరికీ గుర్తొచ్చింది. ఆవిడ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు, ఆ రోజూ, చచ్చిపోయేదాకానూ.

"వచ్చిన పని అడక్కుండా పోకూడదు గదా," అంది యాదిరా. "అందుకని సూటిగానే అడిగాను. చావాలని ఉందా అయ్యా అని. ఇదీ జవాబు." పేజీ తిప్పింది. "ఒక్కోసారి. అప్పుడు నేనే చెప్తాను."

"ఇంకేమన్నాడు?" అంది అత్త.

"రేడియోలో ఎవరో ఆవిడ గురించి విన్నారట. ఆవిడ మాట ఆవిడది, నా మాట నాది, అన్నారు." పుస్తకం మూసింది. "అంతే. నేను సంతకం పెట్టాల్సిందేమీ లేదు ఇక్కడ. నర్సు కోసం మాత్రం గట్టిగా రాస్తాను. వస్తుందని మాటివ్వలేనమ్మా, మీకు అబద్ధం చెప్పను."

నర్సు రాలేదు. అది ఇప్పుడే చెప్పేస్తున్నాను, ఎదురుచూడకండి. ఫిదెలీనా ఊళ్ళో చెప్పిందల్లా వెనక్కి తీసుకోవడానికి రెండు నెలలు తిరిగింది, ఇంటికొచ్చి వారానికి రెండు మధ్యాహ్నాలు ఆయన పక్కన కూర్చోవడం కూడా నేర్చుకుంది, రేడియో ఆపేసి. ఎలియేసర్ ఇంకో రెండు కాపులు చూశాడు. ఆయన ఎలా వెళ్ళాడు, ఎవరు ముందు మాటన్నారు అని చాలామంది అడిగారు. చెప్పను. ఆ మాట ఆయనది. చివరి అక్షరం దాకా విన్నాను, అంతవరకే నాకు సంబంధం.

జీపు దిగిపోయాక, ఫిదెలీనాని పిలిచి మంచం దగ్గర కూర్చోబెట్టి తోటలోకి పరిగెత్తాను. తొడుగులు కూడా వేసుకోలేదు. పై గట్టు మూడో వరుస తీగలు వేళ్ళతో సహా పీకి, దూరంగా ఈడ్చి పారేశాను. ముళ్ళు మోచేతుల దాకా చీరేశాయి. చీరనీ అనుకున్నాను. తక్కిన వరుసల్లో బాగున్నవి ఏరితే రెండు పెట్టెలు కూడా పూర్తిగా నిండలేదు. యాభై పెట్టెల తోట అది.

లోపలికొచ్చి ఒక పండు గిన్నెలో నలిపాను. ఆయన మింగలేడు, చుక్క గొంతులోకి జారినా ప్రమాదం. దూది రసంలో ముంచి, గట్టిగా పిండేసి, తడి మాత్రం పెదవులకి రాశాను. మొహంలో ఏమీ కదల్లేదు, ఎలా కదులుతుంది? పులుపుకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నాలుగో వరుస దాకా ఎక్కలేదండీ బూజు," అన్నాను. "మూడోదంతా పీకేశాను."

కళ్ళు మూసి తెరిచాడు. నా చేతుల వైపు చూశాడు. గీరుకుపోయిన చేతులు, రక్తం ఏదో, రసం ఏదో తెలియడం లేదు. తర్వాత మొహంలోకి చూశాడు, జుట్టులోకి, మళ్ళీ మొహంలోకి. చివరికి పలక వైపు.

మేకు మీంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. నేనేం చేశానో అడుగుతాడనుకున్నాను. ఆ మాటలకి సిద్ధంగా ఉన్నాను.

క. ఆ. న.

స దగ్గరికి వచ్చేసరికి నాకు తెలిసిపోయింది. కాన్సాదో, మా భాషలో అలసట మాట అది. అలిసిపోయాను అంటున్నాడు. పోనీ, రెండు గంటలు డాక్టరుతో మాట్లాడాడు, అలిసిపోడా? 'పడుకోండి, పక్క సర్దుతాను' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. పెదవి పళ్ళ మధ్య నొక్కి పట్టుకున్నాను. వేలు పోనిచ్చాను. ఆ. మళ్ళీ కింద వరుసలకి దిగాను. ద.

ఆరు అక్షరాలయ్యాయి. ఇంకొక్కటి. మీ దగ్గర అలిసిపోయాడు, అలిసిపోయింది అన్నట్టే మా దగ్గరా తేడా అంతా చివర్లోనే తెలుస్తుంది. మగవాడైతే చివర 'ఓ', ఆడదైతే 'ఆ'. నా వేలు పై వరుస మీదికి వెళ్ళింది. కళ్ళు మూశాడు, అదే వరుస. మొదటి గడి మీద వేలు పెట్టాను. అలవాటు చొప్పున, నాలుగో గడిలో ఉన్న ఓ దగ్గరికి పోవాలని అప్పుడే వేలు ఎత్తబోయాను కూడా.

కళ్ళు మూశాడు.

పొరపాటేమోనని మళ్ళీ 'ఆ' మీదే పెట్టాను. మళ్ళీ మూసి, తెరిచి, నన్నే చూస్తున్నాడు.

మూడేళ్ళలో అలిసిపోయావని నాకు చెప్పినవాళ్ళు చాలామంది. నన్ను అడిగినవాళ్ళు ఎవరూ లేరు. ఆయన చెప్పే పద్ధతిలోనే, ఒక్కసారి గట్టిగా కళ్ళు మూశాను.